ఎండకు చచ్చే బ్యాటరీ, ఎండను లెక్కచేయని బ్యాటరీ

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా కరీంనగర్ అన్న ఒకాయన మెకానిక్. జూలై వచ్చిందంటే ఒకటే మాట. "మనూళ్లె నాలుగేండ్లు నడిచే బ్యాటరీ ఈడ రెండేండ్లకే సస్తది తమ్మీ."

ఎందుకు చస్తుందో చెప్పాలంటే 1859కి వెళ్లాలి. మళ్లీ మళ్లీ ఛార్జి చేయగల సీసపు బ్యాటరీని ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే చేసింది అప్పుడే. అందులో ఒక పలక సీసం, రెండోది సీసం డయాక్సైడు, మధ్యలో నీళ్లు కలిపిన గంధకామ్లం. కరెంటు వాడుకుంటున్నప్పుడు సీసం ఎలక్ట్రాన్లను వదులుకుంటుంది. అది ఆక్సీకరణం. రెండో పలక వాటిని అందుకుంటుంది. అది క్షయకరణం. చివరికి రెండు పలకల మీదా సీసం సల్ఫేటే పేరుకుంటుంది. ఛార్జి చేస్తే కథ వెనక్కి నడుస్తుంది. కానీ వేడి పెరిగేకొద్దీ లోపలి జాలీ తుప్పు పడుతుంది, నీరు ఆవిరవుతుంది. ఛార్జి లేకుండా వదిలేస్తే సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారి, ఇక కరగనంటుంది.

1960లలో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ పరిశోధకులు కమ్మర్, వెబర్ ఈ అమరికను తలకిందులు చేశారు. అటూ ఇటూ ద్రవాలు, మధ్యలో ఘనం. కరిగిన సోడియం ఎలక్ట్రానును వదిలి అయానుగా మారి, బీటా అల్యూమినా అనే పింగాణీ గోడలోంచి దూరి, అవతల కరిగిన గంధకంతో కలుస్తుంది. ఇది పనిచేయాలంటే సుమారు 300 డిగ్రీల వేడి ఉండాలి. జపాన్‌లో ఎన్‌జీకే కంపెనీ దీన్ని మార్కెట్టుకు తెచ్చింది. 2011లో అక్కడ ఒక ఫ్యాక్టరీలో ఈ బ్యాటరీలు అంటుకోవడంతో, అమ్మకాలు ఆపి, రక్షణలు పెంచి మళ్లీ మొదలుపెట్టింది.

2019లో అబూదాబి పది చోట్ల ఇలాంటివే పెట్టింది. మొత్తం 108 మెగావాట్లు, ఆరు గంటల పాటు. లోపలే 300 డిగ్రీలున్నదానికి బయటి 48 ఒక లెక్కా! పైగా గంధకం ఇక్కడ గుట్టలు గుట్టలు. షా గ్యాస్ క్షేత్రంలో సహజవాయువు నుంచి తీసిన గంధకాన్ని రైళ్లలో రువైస్ రేవుకు పంపుతారు.

ఆ తర్వాత లిథియం చవకై ముందుకొచ్చింది. 2025 జనవరిలో అబూదాబి 19 గిగావాట్ అవర్ల బ్యాటరీలతో రాత్రింబవళ్లు సౌరవిద్యుత్తు ఇస్తామని ప్రకటించింది.

ఇదంతా చెబితే అన్న నవ్వాడు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని ఆపాలని ఇక్కడ నియమం. అది ఆరుబయట పనికి. అన్నది రేకుల షెడ్డు.

"బ్యాటరీకి ఉపాయం దొరికింది గదా," అన్నాడు, చేతులు తుడుచుకుంటూ.