గద్దె, స్తూపం: ఓరుగల్లు పల్లెల శోకచరిత్ర

1946 జులై 4న జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ అనుచరుల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలయ్యాడు. తెలంగాణ సాయుధ పోరాటానికి ఈ మరణాన్ని నాందిగా చరిత్రకారులు గ్రహించారు. దాని వెంట వచ్చిన దుఃఖం మాత్రం తగినంత పరిశీలనకు నోచుకోలేదు.

ఈ ప్రాంతంలో ఇంటి శోకానికి ఒక కాలక్రమం ఉన్నది. మూడోనాటి పిట్టకు పెట్టుడు, దినాలు, నెలమాసికం, యాడాది; ఆపై ఏటా పెత్రమాసనాడు పెద్దల పేర బియ్యమివ్వడం. పోయినవారి నుండి మనస్సును క్రమంగా విడిపించుకోవడమే దుఃఖం చేసే పని అని 1917 నాటి వ్యాసంలో ఫ్రాయిడ్ ప్రతిపాదించాడు. పెత్రమాస ఆచారానికి ఈ సూత్రం పొసగదు. అక్కడ బంధం తెగదు. కలుసుకొనే రోజు ఒకటి నిర్ణయమవుతుంది.

2019లో ములుగు జిల్లా ఏర్పడేవరకు భూపాలపల్లి జిల్లాలో ఉన్న మేడారంలో ఈ భావన మరింత స్పష్టం. కాకతీయ సేనలతో పోరిన సమ్మక్క చిలకలగుట్టవైపు వెళ్లి అదృశ్యమైందనీ, వెదకినవారికి కుంకుమభరిణె మాత్రమే దొరికిందనీ గాథ. శవం కనబడని చావు అతి కఠినమైనది. అంత్యక్రియ జరగనిదే ఇంటివారి మనస్సు మరణాన్ని అంగీకరించదు. రెండేళ్లకొకసారి మాఘమాసంలో సమ్మక్కను గుట్టనుండి గద్దెకు తెచ్చి, తిరిగి వనానికి సాగనంపుతారు. మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుండి భర్త పగిడిద్దరాజు, కన్నెపల్లి నుండి కూతురు సారలమ్మ వస్తారు. కొడుకు జంపన్న దూకిన వాగు అతని పేరనే పారుతున్నది. యుద్ధంలో చెదిరిన కుటుంబమంతా గద్దెలవద్ద కలుసుకొంటుంది. జాతరను కేవలం భక్తి దృష్టితో వివరించేవారు ఈ కుటుంబశోకాన్ని విస్మరించారనే చెప్పాలి.

కడవెండిలో శవం కళ్లెదుటే ఉన్నది, చంపినవారెవరో ఊరికి తెలుసు. కొమరయ్య అన్న మల్లయ్య అవే కాల్పుల్లో గాయపడ్డాడు. దుఃఖం క్రోధమై గడీవైపు నడిచింది. కొద్ది వారాల్లోనే ఉద్యమం 300-400 గ్రామాలకు వ్యాపించినట్లు పుచ్చలపల్లి సుందరయ్య పేర్కొన్నాడు. కొమరయ్య 'అమరుడు' అయ్యాడు. పోరాడేవారికి ఈ మాట ధైర్యాన్నిచ్చింది, సందేహం లేదు. కాని మరణమే లేదని నలుగురూ నినదించేచోట తల్లి శోకాలు పెట్టేదెట్లా? ఉద్యమ సాహిత్యం ఈ ప్రశ్నను తప్పించుకొన్నది.

స్తూపంవద్ద వర్ధంతి జులై 4న జరుగుతుంది. ఇంటి ఆచారమో తిథిని, పెత్రమాసను అనుసరిస్తుంది. ఒక్క మనిషి మరణాన్ని ఊరొక రోజున, ఇల్లొక రోజున తలచుకొంటాయి.