గడ్డిలో పడ్డ కత్తి

సంక్రాంతి వెళ్లిన వారం. సాయంత్రం ఐదున్నర. తార్నాక వైపు నుంచి మీరు ఉస్మానియా క్యాంపస్‌లోకి నడుస్తున్నారు. ఆర్ట్స్ కాలేజీ గులాబీ రాతి గోడల మీద ఇంకా ఎండ ఉంది. చెట్ల కింద మాత్రం అప్పుడే మసక.

పైన ఏదో టపటపా కొట్టుకుంటోంది. తలెత్తి చూస్తే వేపకొమ్మకు తలకిందులుగా వేలాడుతున్న గద్ద. ముషీరాబాద్ మిద్దెల మీదో ఇంకెక్కడో తెగిన గాలిపటం దారం దాని ఎడమ రెక్కకు చుట్టుకుంది. చైనా మాంజా. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించిన దారం. నైలాన్ కాబట్టి ఎండకూ వానకూ తొందరగా చివకదు. గద్ద గింజుకున్నకొద్దీ అది రెక్కను కోసుకుంటూ లోపలికి దిగుతోంది.

మీతో వచ్చిన హాస్టల్ అన్న సంచి తెరిచి రెండు కత్తులు బండ మీద పెడతాడు. కొండలెక్కేవాళ్లు వెంట తీసుకెళ్లే రకం. కొలత ఒకటే, ఉక్కు ఒకటే. ఒకదాని బ్లేడు నలుపు, ఇంకోదానిది నారింజ రంగు.

ఏది తీసుకుంటారు?

నల్లదే ముచ్చటగా ఉంది. నారింజది పిల్లల ఆటవస్తువులా కనిపిస్తోంది. నల్లదాన్ని ఒరతో సహా నడుముకు దోపుకుని చెట్టెక్కుతారు.

రెండో కొమ్మ. మూడో కొమ్మ. కత్తి దూశారు. దారానికి జానెడు దూరంలో మీ చెయ్యి. గద్ద ఒక్కసారిగా రెండో రెక్క విప్పి కొడుతుంది. మీరు వెనక్కి తూలుతారు. కత్తి జారింది.

కింద మోకాలెత్తు ఎండుగడ్డి. రాలిన ఆకులు. చప్పుడు కూడా కాలేదు.

"అన్నా, కత్తి వడ్డది! కనవడ్తుందా?"

"లేదు. నువ్వు ఆడనే ఉండు."

అన్న వంగుతున్నాడు. గడ్డిలోకి చెయ్యి పోతోంది.

"చెయ్యి పెట్టకన్నా!"

ఆగాడు. పదును పైకి తిరిగి ఉందో, కిందికి ఉందో తెలియదు. రక్తపింజర పడుకుందంటే ఎండుటాకుల్లో కలిసిపోతుంది, అడుగు దూరం నుంచి చూసినా ఆనదు. చూడకుండా చెయ్యి పెట్టే చోటు కాదు ఇది.

ఆ నలుపు వేసిందే మెరవకుండా ఉండటానికి. సైనికుడి చేతిలో కత్తి తళుక్కుమంటే శత్రువుకు ఆచూకీ దొరుకుతుంది. మనం ఇక్కడ ఎవరి నుంచీ దాక్కోవడం లేదు. ఇప్పుడా కత్తి మన నుంచే దాక్కుంది.

అన్న నారింజ కత్తిని ఒరలో పెట్టి, తాడు కట్టి పైకి పంపుతాడు. మీరు లాగి అందుకుంటారు. దగ్గర నుంచి చూస్తే రంగు నున్నగా లేదు, సన్నగా గరుకు తేలి ఉంది. గేట్లకూ బీరువాలకూ వేసే పౌడర్ కోటింగే ఇది. పొడికి విద్యుదావేశం ఇచ్చి చల్లితే లోహానికి అతుక్కుంటుంది. ఓవెన్‌లో 200 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ కాలిస్తే కరిగి, గట్టి తొడుగులా పట్టుకుంటుంది. ఓవెన్ వేడి మితిమీరితే ఉక్కు మెత్తబడి పదును నిలవదు. ఆ పని తెలిసినవాళ్లు భయపడేది అందుకే. రంగు ఉన్నంతమేరా తుప్పు రాదు. అంచు దగ్గర మాత్రం సానపట్టినప్పుడు రంగు పోయి, ఉక్కు తెల్లగా బయటపడి ఉంది.

పిడికి ఆకాశనీలం తాడు చుట్టి ఉంది. ఎందుకో అన్న ముందే చెప్పాడు. ఆయనకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా సరిగా తెలియదు. మీ కంటికి మండిపోయే నారింజ, పచ్చికలో ఆయనకు మట్టిరంగులా కలిసిపోతుంది. నీలం కలవదు.

ఇక గద్ద. ముందు చేతిరుమాలు దాని తల మీద వేస్తారు. కళ్లు కప్పగానే కొట్టుకోవడం తగ్గింది. అన్న కింద దుప్పటి పరిచి పట్టుకున్నాడు.

రెక్కలో దిగిన దారం లాగకూడదు. అది డాక్టరు పని. కొమ్మవైపు కోయాలి.

కత్తి దారం కింద పెట్టారు. అంచు బయటికి. మీ వేళ్లు ఇటు. ఒక పోగు. తెగింది. రెండోది బిగుసుకుంది. కొమ్మ ఊగుతోంది. కాలు జారుతోంది.

కోయాలా? కొమ్మ పట్టుకోవాలా?

కోశారు. గద్ద దుప్పట్లో పడింది. మీరు రెండు చేతులా కొమ్మను వాటేసుకున్నారు. కత్తి మళ్లీ కిందికి పోయింది.

ఈసారి పైనుంచే కనబడుతోంది. గడ్డి మధ్య నారింజ రంగు గీత.

"అన్నా, నీ ఎడమకాలికి రెండడుగులు. కదలకు."

దిగుతారు. త్వరగా. పొద్దు గుంకింది. వెలుతురు తగ్గేకొద్దీ కంటికి ముందుగా నల్లబడేవి ఎరుపూ, దానికి దగ్గరి రంగులూ. చీకట్లో చూపునిచ్చే కణాలకు ఎరుపు దాదాపు ఆనదు. నీలం ఇంకాసేపు నిలుస్తుంది. ఇందాక మంటలా కనిపించిన బ్లేడు మీ కళ్ల ముందే మసిబారుతోంది. పిడికున్న నీలం తాడు మాత్రం అలాగే ఉంది. దాన్ని చూసి, పిడి పట్టుకుని కత్తి తీస్తారు.

గద్దను గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి మూత వేశారు. అన్న పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తున్నాడు. వెళ్లిపోవచ్చు. కానీ నల్ల కత్తి ఇక్కడే ఉంది. పొద్దున గడ్డి కోసేవాళ్లు వస్తారు. వాళ్లలో కొందరి కాళ్లకు చెప్పులుండవు.

ఫోన్ లైటు నేలకు దగ్గరగా పట్టి, కర్రతో గడ్డిని కొద్దికొద్దిగా ఒత్తుతూ వెతుకుతారు. ఆకు. రాయి. ఆకు. ఒకచోట సన్నటి తెల్లని గీత మెరిసి మాయమైంది. లైటు వెనక్కి తిప్పారు. రంగు పోయిన అంచు. పైకే తిరిగి ఉంది, ఇందాక అన్న చెయ్యి పెట్టబోయిన చోటే.

కర్రతో పక్కకు ఒరిగించి, పిడి పట్టుకుని తీసి ఒరలో పెడతారు.

"అన్నా, దీని నలుపు గీకించి వేరే రంగు వేయిద్దాం."

"నారింజనా?"

"కాదు. నీకు కనవడేది చెప్పు."

"ఆకాశనీలం."

"అదే వేయిద్దాం," అని అట్టపెట్టె ఎత్తుకుంటారు. తార్నాక వైపు ఆటో దొరుకుతుంది.