పిల్లలు ఇగ్వానా కావాలంటే.. ఇల్లు సిద్ధంగా ఉందా?

కుక్కపిల్లో, పిల్లిపిల్లో కావాలని పిల్లలు మారాం చేయడం పాత సంగతి. ఫోన్‌లో వీడియోలు చూసి ఇగ్వానా కావాలి, బాల్ పైథాన్ కావాలి, తాబేలు కావాలి అని అడిగే టీనేజ్ పిల్లలు ఇప్పుడు ఉన్నారు. "అంతా నేనే చూసుకుంటా, మీకేం పని ఉండదు" అని వాళ్లు గట్టిగా చెప్తారు. ఆ మాట వాళ్లు మనస్ఫూర్తిగానే అంటారు. అయితే ఇగ్వానా బాగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. బాల్ పైథాన్ 20 ఏళ్లు దాటి కూడా బతుకుతుంది. పదో తరగతి పిల్లాడు ఇంట్లో ఉండేది ఎన్నేళ్లు? ఇంటర్‌కో, ఇంజినీరింగ్‌కో హైదరాబాద్ హాస్టల్‌కు వెళ్లిపోతే ఆ జీవి ఎవరి చేతిలో పడుతుంది? అందుకే పిల్లాడు సిద్ధమా అన్న దానితో పాటు ఇల్లు సిద్ధమా అన్నదీ చూడాలి.

ముందు చట్టం తెలుసుకోవాలి

మన దేశంలో పుట్టి పెరిగే తాబేళ్లు, ఉడుములు, కొండచిలువల్ని ఇంట్లో పెంచుకోవడానికి వీల్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని నిషేధిస్తోంది. 2022లో చేసిన సవరణలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. నక్షత్ర తాబేలు, ఉడుము, కొండచిలువ మూడూ ఇప్పుడు ఒకటో షెడ్యూల్‌లో ఉన్నాయి. ఈ షెడ్యూల్‌లోని జీవుల విషయంలో నేరం రుజువైతే కనీసం మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయలకు తగ్గకుండా జరిమానా ఉంటాయి. నక్షత్ర తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుందని నమ్మి కొనేవాళ్లు ఉన్నారు. అట్లాంటి నమ్మకం కేసు నుంచి కాపాడదు. రెండు తలల పాము పేరుతో లక్షలు ఆశ చూపే ముఠాల జోలికి పిల్లలు పోకుండా చూసుకోవడం కూడా అవసరం. అది నిజానికి రెండు తలలు లేని మామూలు పామే. దానికీ చట్టం రక్షణ ఉంది.

చేను దగ్గరో, చెరువు గట్టునో దొరికిన తాబేలును "పాపం, పెంచుకుందాం" అని తెచ్చుకోవడం కూడా తప్పే. అట్లాంటి జీవి చేతికొస్తే 48 గంటల్లోగా అటవీ అధికారులకో, దగ్గరి పోలీస్ స్టేషన్‌కో చెప్పాలని చట్టం అంటుంది.

విదేశీ జాతుల సంగతి వేరు. గ్రీన్ ఇగ్వానా, బాల్ పైథాన్ రెండూ అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం 'సైటిస్' జాబితాలో ఉన్నాయి. ఇవి మన చట్టంలో నాలుగో షెడ్యూల్ కిందికి వస్తాయి. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన నిబంధనల ప్రకారం ఇట్లాంటి జీవి ఉన్నవాళ్లు కేంద్రం 'పరివేష్' పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చనిపోయినా తెలియజేయాలి. "బిల్లు లేదు, కాగితాలు తర్వాత పంపిస్తం" అనే అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మేలు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల పేరు మీద ఈ బాధ్యత వదిలేయకుండా పెద్దవాళ్లే కాగితాలు చూసుకోవాలి.

ఎండకు 45, చలికి పదిలోపు

పాకే జీవులు మనలా ఒంట్లో వేడి పుట్టించుకోలేవు. చుట్టూ ఉన్న వేడితోనే వాటి ఒళ్లు నడుస్తుంది. ఒళ్లు చల్లబడితే తిన్నది అరగదు, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. ఇగ్వానాకు ఎండ కాచుకునే చోట దాదాపు 35 డిగ్రీలు ఉండాలి. అదే గూట్లో చల్లగా ఉండే మూల కూడా కావాలి. రాత్రి పూట కూడా 24 డిగ్రీల కంటే బాగా పడిపోకూడదు.

ఇప్పుడు మన వాతావరణం చూద్దాం. ఆదిలాబాద్‌లో డిసెంబర్, జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకి పడిపోవడం మామూలే. మే నెలలో ఆదిలాబాద్, రామగుండం, కరీంనగర్ 45 డిగ్రీల దాకా వెళ్తాయి. చలికాలం హీట్ బల్బు ఆరిపోతే జీవి ముడుచుకుపోతుంది. ఎండాకాలం అద్దాల పెట్టెను కిటికీ ఎండలో పెడితే కొద్దిసేపట్లోనే ప్రాణం మీదికొస్తుంది. స్లాబ్ కింద పై అంతస్తులో, రేకుల ఇంట్లో ఉండేవాళ్లకు ఇది ఇంకా కష్టం. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఏది నడవాలి, ఫ్యానా, బల్బా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి.

వెలుగు సంగతి చాలామందికి తెల్వదు. పగలు తిరిగే బల్లిజాతి జీవులకు యూవీబీ కిరణాలు కావాలి. అవి తగిలితేనే ఒంట్లో విటమిన్ డి3 తయారై కాల్షియం ఒంటబడుతుంది. కిటికీ అద్దం ఈ కిరణాల్ని చాలావరకు ఆపేస్తుంది కాబట్టి అద్దం వెనక పడే ఎండ చాలదు. యూవీబీ బల్బు వెలుగుతున్నట్టే ఉన్నా కిరణాలు తగ్గిపోతాయి. రకాన్ని బట్టి ఆరు నెలలకో, ఏడాదికో మార్చాలి. మార్చకపోతే ఎముకలు మెత్తబడతాయి, దవడ వాస్తుంది, కాళ్లు వణుకుతాయి. ఇది నెలల తరబడి మెల్లగా ముదురుతుంది. ఇంట్లోవాళ్లు గుర్తించేసరికి ఆలస్యమైపోతుంది.

తిండి, డాక్టరు, శుభ్రం

ఇగ్వానా ఆకులు తినే జీవి. మునగాకు, మందార ఆకులు, పూలు దానికి పనికొస్తాయి. పాలకూర రోజూ పెడితే అందులోని ఆక్సలేట్లు కాల్షియంను ఒంటబట్టనీయవు. అన్నం, రొట్టె, మాంసం పెట్టకూడదు. అరచేతిలో పట్టేంత పిల్లగా ఇంటికొచ్చిన ఇగ్వానా తోకతో కలిపి ఐదు అడుగుల దాకా పెరుగుతుంది. అంటే చిన్న పెట్టె నుంచి మొదలై చివరికి అల్మారా అంత గూడు కావాలి.

బాల్ పైథాన్ తినేది ఎలుకల్ని. వాటిని చంపి గడ్డకట్టించి ఫ్రీజర్‌లో దాస్తారు. వంటింటి ఫ్రిజ్‌లో అవి ఉండటానికి అమ్మ, నానమ్మ ఒప్పుకుంటారా? పామును తెచ్చిన తర్వాత ఈ మాట ఎత్తితే ఇంట్లో గొడవే మిగులుతుంది.

ఇక వైద్యం. మన జిల్లాల పశువైద్యశాలలు ముఖ్యంగా గేదెలు, ఆవులు, గొర్రెలు, మేకల కోసం ఉన్నవి. జగిత్యాల జిల్లా కోరుట్లలో పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద పశువైద్య కళాశాల ఉంది. పాకే జీవులకు చికిత్స చేసే డాక్టర్ ఎవరు, ఎంత దూరంలో ఉన్నారు అని కొనకముందే కనుక్కోవాలి. హైదరాబాద్ దాకా పోవాల్సి వస్తే ఆ ఖర్చు, ఆ ప్రయాణం ఎవరు పెట్టుకుంటారో కూడా మాట్లాడుకోవాలి.

పాకే జీవులు ఆరోగ్యంగా కనిపిస్తున్నా సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మోస్తుంటాయి. చిన్న తాబేళ్ల వల్ల పిల్లలకు జబ్బులు వస్తున్నాయని అమెరికాలో 1975లోనే నాలుగు అంగుళాల లోపు చిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, వయసు మీద పడ్డవాళ్లు ఉంటే మరోసారి ఆలోచించాలి. గూటిని, నీళ్ల గిన్నెను వంటింటి సింకులో కడగొద్దు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

తేల్చుకోవడం ఎట్లా?

మాటలతో వాదించే బదులు మూడు నెలల పరీక్ష పెట్టొచ్చు. జీవిని తేకుండా దాని పని మాత్రమే చేయించాలి. ఖాళీ పెట్టెలో బల్బు, థర్మామీటర్ పెట్టి రోజూ పొద్దున ఏడింటికి, రాత్రి తొమ్మిదింటికి ఉష్ణోగ్రత నోట్‌బుక్‌లో రాయాలి. ఆకుకూర తానే తెచ్చి, కడిగి, తరగాలి. వారానికోసారి పెట్టె శుభ్రం చేయాలి. ఎవరూ గుర్తుచేయకూడదు. పరీక్షల సమయం, ఊళ్లో పెళ్లి, జ్వరం వచ్చిన రోజు ఈ మూడు నెలల్లో తప్పకుండా పడేలా చూసుకోవాలి. పదో తరగతి పరీక్షలు సాధారణంగా మార్చిలో మొదలవుతాయి, ఎండలు ముదిరేదీ అప్పుడే. నోట్‌బుక్‌లో ఖాళీ పేజీలు ఎక్కువుంటే జవాబు దొరికినట్టే. పిల్లాడిని తిట్టాల్సిన పని లేదు. ఇంకో రెండేళ్లు ఆగితే చాలు.

పేజీలన్నీ నిండితే రెండో ప్రశ్న పెద్దవాళ్లకు. పిల్లాడు హాస్టల్‌కు వెళ్లాక ఆ నోట్‌బుక్ ఎవరు రాస్తారు? ఒక పేరు చెప్పలేకపోతే కొనొద్దు.

ఒకసారి తెచ్చాక విసుగొచ్చిందని లోయర్ మానేరు డ్యామ్‌లోనో, గోదావరిలోనో వదిలేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. చెవి పక్కన ఎర్ర గీత ఉండే అమెరికా నీటి తాబేలు ఇట్లా వదిలేయడం వల్లే ఎన్నో దేశాల చెరువుల్లో స్థానిక తాబేళ్ల తిండికి, చోటుకు పోటీ అయ్యింది. పెంచలేని పరిస్థితి వస్తే అటవీ శాఖతో మాట్లాడాలి.

వద్దని తేలినా పిల్లాడి ఇష్టాన్ని చంపేయక్కర్లేదు. మంథని దగ్గర గోదావరి వెంట ఉన్న శివ్వారం అభయారణ్యంలో మొసళ్లు ఉన్నాయి. వాటిని దూరం నుంచి, అటవీ సిబ్బంది చెప్పినట్టు చూడొచ్చు. 1963లో మొదలైన హైదరాబాద్ నెహ్రూ జూలో పాకే జీవుల విభాగం ఉంది, జంతువుల దత్తత పథకం కూడా ఉంది. దత్తత డబ్బులో కొంత తన పాకెట్ మనీ నుంచే పెట్టమని అడగొచ్చు. పాముల మీద, బల్లుల మీద నిజంగా మక్కువ ఉన్న పిల్లలకు కోరుట్ల కాలేజీలో చదివే బాట కూడా ఉంది. పాకే జీవులకు మందిచ్చే డాక్టర్లు ఈ జిల్లాలకు కావాలి.