పామీరు నౌకలోని విద్యార్థులు

బడి యనగానే మన కన్నుల ముందు నిలుచునవి నాలుగు గోడలు, బల్లలు, నల్లబల్ల. నేల నిలకడగా నుండని బడి, గాలి ఎటు వీచిన అటు ఒరుగు బడి ఒకటి 1950వ దశకమున అట్లాంటిక్ మహాసముద్రముపై తిరుగుచుండెను. దాని పేరు పామీరు. అది నాలుగు కొయ్యల తెరచాప ఓడ. అందు చదువుకొనిన బాలుర దినచర్యను, ఆ చదువు ముగిసిన తీరును నేడు ముచ్చటింతము.

పామీరు 1905లో హాంబర్గు నగరమున నిర్మింపబడెను. దక్షిణ అమెరికాలోని చిలీ దేశమునుండి ఐరోపాకు నత్రజని ఎరువు తెచ్చుట దాని తొలి పని. పొడవు 114 మీటర్లు. ప్రధానమైన కొయ్యలు డెక్కు మీదినుండి 51 మీటర్ల ఎత్తు. తెరచాపలన్నియు విప్పిన 3,800 చదరపు మీటర్ల గుడ్డ. 1949లో హారన్ అగ్రమును చుట్టి వచ్చి, ఆ మార్గమున సరకుతో సాగిన తెరచాప వర్తక నౌకలలో కడపటిదని పేరొందెను. అప్పటికే ఆవిరి, నూనె యంత్రముల ముందు తెరచాపకు కాలము చెల్లినది. 1951లో తుక్కు క్రింద విరుగగొట్టబడవలసిన ఆ ఓడను ఒక జర్మను వ్యాపారి కొని, సహాయయంత్ర మమర్చి, నావిక విద్యార్థుల ఓడగా మార్చెను. 1955లో సుమారు నలువది ఓడల యజమానులు కలిసి దానిని తమ అధీనమునకు తీసికొనిరి.

యంత్రముల కాలమున తెరచాపల చదువెందులకని శ్రోతలు అడుగవచ్చును. పెద్ద ఓడలో సముద్రము దూరముగా నుండును. తెరచాప ఓడలో అది చేతికి తగులుచుండును. గాలి మారుట, అల పెరుగుట, మబ్బు క్రమ్ముట పుస్తకములో చదువుట వేరు, త్రాటి బిగువు వలన గ్రహించుట వేరు. ఎంతటి యంత్రముగల ఓడకు అధిపతి కాదలచినవాడైనను మొదట గాలికి భయపడుట నేర్వవలెనని పాత నావికుల నమ్మకము.

ఆ ఓడలో దినము సూర్యునితో మొదలు కాదు, గంటతో మొదలగును. దినమంతయు నాలుగేసి గంటల కావళ్ళుగా విభజింపబడును. అరగంట కొకసారి గంట మ్రోగును. ఎనిమిది మ్రోతలు వినబడగానే ఒక జట్టు పడకకు, మరియొక జట్టు పనికి. కావున విద్యార్థికి రాత్రి యనునది ఒక్క ముక్కగా దొరకదు. ప్రొద్దున ఉప్పునీరు పోసి డెక్కును తోముట తొలి పాఠము. పిదప కొందరు చక్రమువద్ద చుక్కాని పట్టుదురు. ఒకడు ముందుభాగమున నిలిచి క్షితిజమును కావలి కాయును. తక్కినవారు తెగిన త్రాళ్ళను పేనుదురు, చిరిగిన తెరచాపలను కుట్టుదురు, త్రుప్పు గీకి రంగు వేయుదురు. నక్షత్రములనుబట్టి, సూర్యుని ఎత్తునుబట్టి ఓడ ఉన్న తావును లెక్కించు పాఠములును ఉండెను. మంచినీటికి కొలత కలదు. బట్టలుతుకుటకు వాననీరు పట్టుకొన్నవాడే అదృష్టవంతుడు.

ఇన్నింటిలో ముఖ్యమైన పాఠము పైన జరుగును. అర్ధరాత్రి గాలి పెరిగినచో ఈల వినబడును. నిద్ర కన్నులతోనే బాలురు త్రాటి నిచ్చెనల వెంట పైకి ప్రాకుదురు. అడ్డదూలము క్రింద వ్రేలాడు త్రాటిపై పాదములు మోపి, కడుపును దూలమున కానించి, తడిసి బిగిసిన గుడ్డను పిడికిళ్ళతో ముడువవలెను. ఒక చేయి ఓడకు, ఒక చేయి నీకు అని నావికులు చెప్పుకొను మాట అక్కడ ప్రాణసూత్రము. తొలినాడు వణకిన బాలుడు, పయనము ముగియునప్పటికి తన ప్రక్కవానిని చూచుకొనుట నేర్చును. ఈ బాలురలో అధికులు ఇరువది ఏండ్లు నిండనివారు.

అయితే ఈ బడి తన తిండి తానే సంపాదించుకొనవలసి వచ్చెను. విద్యార్థుల కాళ్ళక్రింది అరలలో సరకుండెను. అర్జెంటీనానుండి ధాన్యము తెచ్చి, ఆ బాడుగతో ఓడ ఖర్చులు గడుపుట ఏర్పాటు. ఆ బాడుగ చాలకుండెను, ఓడ ముసలిదగుచుండెను.

1957 ఆగస్టు 10వ తేదీన పామీరు బ్యూనస్ ఎయిర్సు రేవు వదలి హాంబర్గునకు బయలుదేరెను. ఎప్పటి కెప్టెను అస్వస్థుడగుటచే యోహానెస్ డీబిట్ష్ అను అనుభవజ్ఞుడు ఆ బాధ్యత వహించెను. ఓడలో 86 మంది. వారిలో 52 మంది విద్యార్థులు. సరకు 3,780 టన్నుల బార్లీ. దానిలో అధికభాగమును సంచులలో కట్టక విడిగనే పోసిరి. నిలకడ కొరకు నీరు నింపదగిన అడుగు తొట్టిలో సైతము ధాన్యమే నింపిరి. చేటను వంచిన గింజలు ఒక ప్రక్కకు జారుట మన ఇండ్లలో నిత్యము చూచునదే. ఓడ ఒరిగినపుడు గింజలును ఆ ప్రక్కకే జారును. జారినవి ఓడ లేచినను తిరిగి రావు.

సెప్టెంబరు 21న అజోర్సు దీవులకు నైరృతి దిక్కుగా సుమారు 600 నావిక మైళ్ళ దూరమున క్యారీ అను పెనుతుఫాను పామీరును క్రమ్మెను. ఓడనుండి రేడియోలో ఆపత్సంకేతములు వెలువడెను: తెరచాపలు పోయినవి, ఓడ 45 డిగ్రీలు ఒరిగినది, మునుగు ప్రమాదమున్నది. కొంతసేపటికి ఆ ధ్వని నిలిచిపోయెను. పిలుపు విన్న ఓడలు దారి మరల్చుకొని వచ్చెను. తొమ్మిది దినములు వెదకిరి. జర్మనీలో ఇంటింట జనులు రేడియో చుట్టు చేరి ప్రతి వార్తకును చెవి యొగ్గిరి. రేడియో గల ఇండ్లవారికి ఆ నిరీక్షణ ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. 23వ తేదీన సాక్సన్ అను అమెరికా ఓడ ఒక పడవనుండి అయిదుగురిని, మరునాడు అబ్సీకన్ అను నౌక వేరొక పడవనుండి ఒక్కనిని రక్షించెను. అంతే. 80 మంది తిరిగి రాలేదు. బ్రదికిన ఆరుగురిలో విద్యార్థు లిద్దరే.

1958లో ల్యూబెక్ నగరమున విచారణ జరిగెను. విడి ధాన్యము జారుట, అడుగు తొట్టిలో నీరు లేకుండుట, తుఫాను ముందు ఓడను నడపిన తీరు — ఇవి కారణములని న్యాయస్థానము తలచెను. పాత ఓడకు చిల్లిపడి యుండవచ్చునని యజమానుల పక్షమువారు వాదించిరి. ఆ వాద మెట్లున్నను, ఒక సంగతి స్పష్టము. తెరచాప బాలురను ముంచలేదు. చదువు ఖర్చును సరకుపై మోపుటయు, ఆ సరకును చవుకగా నింపుటయు వారి ప్రాణములమీదికి వచ్చెను. 1957లోనే సోదరనౌక పాసాటులోను ధాన్యము జారగా, ఆ ఓడ ఎట్లో రేవు చేరి, సరకు యాత్రలు మానుకొనెను. నేడది ట్రావెముండె రేవున ప్రదర్శనశాలగా నిలిచి యున్నది.

1958లో హాంబర్గున నిర్మింపబడిన గోర్ఖ్ ఫోక్ అను జర్మను నౌకాదళపు శిక్షణనౌకలో సరకు లేదు. ఎంత ఒరిగినను తిరిగి లేచునట్లు అడుగున బరువు నమర్చిరి. మన నౌకాదళమువారి తరంగిణి కూడ 1997 నుండి విద్యార్థులనే మోయుచున్నది, ధాన్యమును కాదు. బాలురు నేడును కొయ్య లెక్కుచున్నారు, కావళ్ళు కాయుచున్నారు, గాలిని నేర్చుకొనుచున్నారు. చదువు మారలేదు, దాని వెల ఎవరు చెల్లింపవలెనను లెక్క మాత్రము మారినది.

ల్యూబెక్ నగరమందలి యాకోబి దేవాలయమున పామీరు యొక్క పగిలిన ప్రాణరక్షణ పడవ యొకటి భద్రపరుపబడి యున్నది. బిడ్డలను దూరదేశపు చదువులకు పంపు ఏ తలిదండ్రులకైనను ఆ పడవ చెప్పు మాట ఒక్కటే: బిడ్డ ఏమి నేర్చుకొనునో అడుగునప్పుడే, వాని కాళ్ళక్రింద ఏమున్నదో కూడ అడుగవలెను.