ఫోర్కు: నకలుగా పుట్టే ప్రక్రియ, దాని చరిత్ర, గుణదోషాలు

విజయవాడ నుండి హైదరాబాదు పోయే రహదారిలో నందిగామ దాటిన తరువాత వచ్చే జగ్గయ్యపేట, పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో చరిత్రకెక్కిన ఊరు. అక్కడి బౌద్ధస్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించాడు. ఆయక స్తంభాల మీద చెక్కిన ప్రాకృత శాసనాలు మూడు బయటపడ్డాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి మహాచైత్యపు తూర్పు ద్వారం వద్ద 5 ఆయక స్తంభాలు నిలిపినాడని అవి చెబుతున్నాయి. మూడింటిలోను విషయం ఒక్కటే. ఇందులో ఒక లాభమున్నది: ఒక స్తంభం విరిగినా పాఠం మరొకదానిలో మిగులుతుంది. ఒక నష్టమూ ఉన్నది: ప్రతి నకలుకు పూర్తి శ్రమ మళ్లీ పడవలసిందే. కంప్యూటరులో కొత్త పనిని ఆరంభించే ఒక పద్ధతికి కూడ సరిగా ఇవే గుణదోషాలు. దాని పేరు ఫోర్కు.

డిస్కులో నిలువ ఉన్నంతవరకు అది ప్రోగ్రాము. మెమరీలోకి వచ్చి నడవసాగితే దానిని ప్రక్రియ అంటారు. ప్రక్రియలను పుట్టించి, వాటికి మెమరీ పంచి, వంతులవారీగా నడిపించేది ఆపరేటింగు సిస్టం. యూనిక్స్ అనే సిస్టంలో కొత్త ప్రక్రియ పుట్టడానికి ఉన్న మార్గం విచిత్రమైనది. నడుస్తూన్న ప్రక్రియ ఫోర్కు అని కోరగానే అచ్చంగా దానివంటిదే మరొకటి తయారవుతుంది. మొదటిది తల్లి, రెండవది పిల్ల. రెండూ ప్రోగ్రాములో ఒకే చోటు నుండి ముందుకు సాగుతాయి. మరి ఎవరు తల్లి, ఎవరు పిల్ల అని తెలిసేదెట్లా? ఫోర్కు ఇచ్చే జవాబును బట్టి. తల్లికి పిల్ల యొక్క సంఖ్య వస్తుంది. పిల్లకు సున్న వస్తుంది. పిల్ల వేరే పని చేయవలసి ఉంటే, ఎగ్జెక్ అనే రెండవ కోరికతో తనలోని పాత ప్రోగ్రామును తుడిచివేసి కొత్తదానిని నింపుకుంటుంది.

ఫోర్కు అనే భావాన్ని 1963లో మెల్విన్ కాన్వే ఒక వ్యాసంలో వివరించాడు. దారి రెండుగా చీలినట్లు ప్రోగ్రాము చీలి, పని ముగిశాక మళ్లీ కలుసుకోవాలన్నది అతని ఊహ. అందులో మెమరీకి నకలు తీసే ప్రసక్తి లేదు. ఆ దశాబ్దంలోనే బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు జీనీ అనే సిస్టంలో ఈ మాటను వాడారు. అక్కడ కూడ పిల్ల తల్లి మెమరీని పంచుకునేది, లేదా వేరే మెమరీని పొందేది.

నకలు పద్ధతి బెల్ ప్రయోగశాలలో వచ్చింది. 1969లో కెన్ థాంప్సన్ పి.డి.పి.-7 అనే చిన్న యంత్రం మీద యూనిక్స్ నిర్మాణం మొదలుపెట్టాడు. మెమరీ స్వల్పం కాబట్టి, ఒక ప్రక్రియను డిస్కులో దాచి మరొకదానిని మెమరీలోకి తెచ్చే ఏర్పాటు అప్పటికే చేసుకున్నారు. డిస్కులో దాచినదానినే పిల్లగా లెక్కకట్టి, మెమరీలో ఉన్నదానిని నడవనిస్తే నకలు సిద్ధమైనట్లే! అందువల్ల ఫోర్కు కోసం కొత్తగా వ్రాయవలసి వచ్చినది 27 పంక్తులు మాత్రమేనని అతని సహచరుడు డెన్నిస్ రిచీ తరువాత తెలిపాడు.

ఆ సంతోషంలోనే ఒక చిక్కు ఎదురైంది. ఒక డైరెక్టరీ నుండి మరొకదానికి మారమని ఇచ్చే ఆజ్ఞ పనిచేయడం మానివేసింది. కారణం సులభమే. ఆజ్ఞను పాటించినది పిల్ల. పిల్ల చోటు మారి, పని ముగించుకుని పోయింది. తల్లి మాత్రం ఉన్నచోటనే ఉన్నది. చివరకు ఆ ఒక్క ఆజ్ఞను తల్లియే స్వయంగా చేసుకునేటట్లు మార్చవలసి వచ్చింది.

ఇక గుణాలు చూద్దాం. ఫోర్కుకు వివరాలేమీ చెప్పనక్కరలేదు, కోరితే చాలు. పుట్టిన పిల్ల, ఎగ్జెక్ కు ముందు, తన ఫైళ్లను తానే సర్దుకోవచ్చు. తెర మీదికి పోవలసిన ఫలితాన్ని ఫైలులోకి మళ్లించడం, ఒక ప్రోగ్రాము ఫలితాన్ని మరొకదానికి అందించడం ఇట్లా తేలికయ్యాయి. పైగా విరిగిన స్తంభం పక్కదానిని చెరపనట్లే, పిల్ల పాడైనా తల్లి మెమరీ చెక్కుచెదరదు.

దోషం యంత్రాలు పెద్దవైన కొద్దీ బయటపడింది. పిల్ల వెంటనే ఎగ్జెక్ చేసేటట్లయితే, అంతకుముందు తీసిన నకలంతా వృథా. కొత్త స్తంభం మీద పాత శాసనమంతా చెక్కి, మరుక్షణమే దానిని చెరిపి వేరొకటి చెక్కినట్లుంటుంది. ఈ వృథాను తప్పించడానికి 1979లో బర్క్లీ వారు వీఫోర్కు తెచ్చారు. అందులో పిల్ల తల్లి మెమరీనే అరువు తీసుకుంటుంది. అంతవరకు తల్లి ఆగి ఉంటుంది. మరొక ఉపాయం, వ్రాసినప్పుడే నకలు తీయడం. మొదట ఇద్దరికీ ఒకే మెమరీ పుటలను చూపించి, ఎవరైనా ఒక పుటను మార్చబోతే అప్పుడు ఆ పుటకు మాత్రమే నకలు తీస్తారు. రాతిలో సాధ్యం కాని ఈ సౌకర్యం కంప్యూటరులో సాధ్యమైంది.

అయినా ఖర్చు పూర్తిగా పోలేదు. పుటల పట్టికకైనా నకలు తీయాలి కదా! పుట 4,096 బైట్లయితే, 1 గిగాబైటు మెమరీకి 2,62,144 పుటలు. పట్టికలో ఒక్కొక్కదానికి 8 బైట్ల చొప్పున 2 మెగాబైట్లవుతుంది. పెద్ద ప్రక్రియలకు ఇది ఇంకా పెరుగుతుంది.

ఖర్చుకంటె ప్రమాదకరమైన చిక్కు మరొకటి. ఇప్పటి ప్రక్రియలో థ్రెడ్లు అనే పోగులు అనేకం ఒకేసారి నడుస్తాయి. ఫోర్కు కోరిన పోగు ఒక్కటే పిల్లలోకి వస్తుంది. అప్పుడు వేరొక పోగు ఏదైనా సమాచారానికి తాళం వేసి ఉంటే, పిల్లలో తాళం ఉంటుంది, తీసేవారు ఉండరు. దాని కోసం పిల్ల ఎప్పటికీ వేచి ఉండవలసి రావచ్చు. 2019లో ఆండ్రూ బామన్, ముగ్గురు సహపరిశోధకులు ఇట్టి దోషాలన్నీ ఎత్తిచూపి, కొత్త ప్రోగ్రాములను సూటిగా ఆరంభించే పోసిక్స్ స్పాన్ వంటి మార్గాలు మేలనీ, ఫోర్కును గతకాలపు వస్తువుగా బోధించడం మంచిదనీ వాదించారు.

అయితే ఫోర్కు నేటికీ సజీవంగానే ఉన్నది. నందిగామలో ఒక విద్యార్థి ఆండ్రాయిడ్ ఫోనులో ఏదైనా యాప్ తెరిస్తే, జైగోట్ అనే మూలప్రక్రియ నుండి ఫోర్కు ద్వారానే ఆ యాప్ పుడుతుంది. అన్ని యాప్లకు కావలసిన సామగ్రి జైగోట్ లో ముందే సిద్ధంగా ఉంటుంది కనుక, యాప్ త్వరగా తెరుచుకుంటుంది, మెమరీ ఆదా అవుతుంది. నకలులో ఎక్కువ భాగం పిల్లకు నిజంగా పనికివచ్చే చోట ఫోర్కు వరమే. నకలు తీసి వెంటనే పారవేసే చోట భారమే.

కాబట్టి ఫోర్కు మంచిదా, చెడ్డదా అని విద్యార్థి అడిగితే, ఏ యంత్రంలో, ఏ పనికి అని ఎదురు ప్రశ్న వేయడమే ఉపాధ్యాయునికి తగిన జవాబు. మెమరీ చాలని యంత్రానికి 27 పంక్తులలో దొరికిన సుళువు, యంత్రాలు మారినా మారని నియమమై కూర్చున్నది. ఒక ఉపాయం ఏ అవసరానికి పుట్టిందో తెలిస్తే, దానిని ఎక్కడ వాడాలో, ఎక్కడ మానాలో కూడ తెలుస్తుంది.