బొమ్మ పడింది!

విశాఖ కంచరపాలెంలో ఊర్వశి జంక్షన్ అని ఒక కూడలి ఉంది. ఆ పేరు సినిమా హాలుది. ఇలాంటి చోట పెరిగిన పిల్లలకి 'బొమ్మ' అంటే మొదట గుర్తొచ్చేది ఆటవస్తువు కాదు, సినిమా. లైట్లు ఆరగానే వెనక బెంచీ నుంచి ఒక కేక: "బొమ్మ పడిపోనాదిరా!"

మాట పాతదే. తమిళంలో బొమ్మై, కన్నడంలో బొంబె దీని తోబుట్టువులు. విగ్రహం, చిత్తరువు, తోలుబొమ్మ, నాణెం మీద తల, అన్నిటికీ తెలుగువాడికి ఇదొక్కటే చాలింది. తెల్లటి తెర మీద నీడలు కదిలితే కొత్త పేరు వెతుక్కోవలసిన అవసరం ఏముంది? తెర వెనక దీపం పెట్టి ఆడించే తోలుబొమ్మలాట అప్పటికే ఉంది కదా.

తర్వాత టీవీ వచ్చింది. 1987లో రామాయణం మొదలయ్యాక ఆదివారం పొద్దున ఒకడు డాబా మీద యాంటెనా తిప్పుతుంటే, కింద నుంచి "బొమ్మ వచ్చింది, వదిలేయ్!" అనే అరుపు.

అసలు బొమ్మలూ దూరం కాదు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

మరుసటి ఏడాది వెంకటేష్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం'లో బడిపిల్ల 'మరోచరిత్ర' (1978) పాట పాడుతుంది. ఆ పాత సినిమాకీ విశాఖే నేపథ్యం. కొత్తదాంట్లో నటించినవాళ్లు చాలామంది స్థానికులే. అంతవరకు బొమ్మ చూసినవాళ్లు, బొమ్మలో పడ్డారు.