షెడ్యూల్‌లో లేని కచేరీ

2017 మే 22, సోమవారం. రాత్రి పదిన్నర కావస్తోంది. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ అరీనాలో ఆఖరి పాట అయిపోయింది. పైనుంచి వదిలిన గులాబీ రంగు బెలూన్లను పిల్లలు ఎగిరెగిరి తడుతున్నారు. హాల్లో లైట్లు వేశారు. తెల్లారితే బడి ఉంది. గొంతు బొంగురుపోయేదాకా పాడిన ఆడపిల్లలు, అక్కడే కొనుక్కున్న టీషర్టులు చంకన పెట్టుకుని గుమ్మాల వైపు కదిలారు.

లోపల 14 వేల మందికి పైగా ఉన్నారు. వాళ్లలో ఎంతోమంది పిల్లలకు అదే మొదటి కాన్సర్ట్. కొందరికి పుట్టినరోజుకో, క్రిస్మస్‌కో కానుకగా వచ్చిన టికెట్టు అది. చిన్నపిల్లల వెంట తల్లులు వచ్చారు. కాస్త పెద్దపిల్లలు "మేం వెళ్లొస్తాం, మీరు బయటే ఉండండి" అని ఇంట్లో ఒప్పించుకుని మరీ వచ్చారు. అలా ఒప్పుకున్న అమ్మలూ నాన్నలూ ఇప్పుడు సిటీ రూమ్‌లో నిలబడి గుమ్మం వైపే చూస్తున్నారు. అరీనాకూ, దాన్ని ఆనుకుని ఉన్న విక్టోరియా రైల్వే స్టేషన్‌కూ మధ్య ఉండే విశాలమైన హాలు పేరు అది.

పిల్లను తీసుకెళ్లడానికి వచ్చిన ఒకాయన, అప్పటికి పావుగంట కిందటే, పెద్ద బ్యాగుతో ఓ పక్కగా ఉన్న యువకుణ్ణి గమనించాడు. చూసి ఊరుకోలేదు. దగ్గరికెళ్లి ఇక్కడేం చేస్తున్నావని అడిగాడు. తన అనుమానం అక్కడి స్టీవార్డుకు చెప్పాడు. ఆ స్టీవార్డు దగ్గర రేడియో లేదు. రేడియో ఉన్న ఇంకో కుర్రాడికి ఆ కబురు చేరేసరికి విలువైన నిమిషాలు పోయాయి. అతను ప్రయత్నించినా కంట్రోల్ రూమ్ లైనులోకి రాలేదు.

10 గంటల 31 నిమిషాలకు ఆ యువకుడు తనను తాను పేల్చేసుకున్నాడు.

22 మంది చనిపోయారు. అందరిలోకీ చిన్నమ్మాయికి 8 ఏళ్లు. పిల్లల కోసం ఎదురుచూస్తూ నిలబడ్డ తల్లిదండ్రులూ పోయారు. వందల మంది గాయపడ్డారు. లోపల ఉన్నవాళ్లు మొదట బెలూన్ పేలిందనుకున్నారు, స్పీకర్ పేలిందనుకున్నారు. అసలు సంగతి తెలిశాక కుర్చీల మీద నుంచి దూకి పరుగెత్తారు.

వేదిక వెనకాల ఉన్న గాయని అరియానా గ్రాండేకు అప్పటికి 23 ఏళ్లు. ఫ్లోరిడాలోని బోకా రటన్‌లో పుట్టింది. నికెలోడియన్ చానల్ పిల్లల సీరియల్ 'విక్టోరియస్'తో ఇంటింటికీ పరిచయమైంది. ఆమెను టీవీలో చూసి పెరిగిన పిల్లలే ఆమె పాటలకు తొలి శ్రోతలు. మూడో ఆల్బమ్ 'డేంజరస్ ఉమన్' 2016 మే 20న విడుదలైంది. దాన్ని తీసుకుని 2017 ఫిబ్రవరి 3న అమెరికాలోని ఫీనిక్స్‌లో టూర్ మొదలుపెట్టింది. మే 8న స్టాక్‌హోమ్‌తో యూరప్‌లో అడుగుపెట్టింది. రెండు రోజుల కిందట డబ్లిన్, ఇప్పుడు మాంచెస్టర్, 25న లండన్. ఇలాంటి టూర్‌లో ఒక్కో ఊళ్లో వేదిక కట్టడం, పాడడం, రాత్రికి రాత్రి విప్పి లారీల్లోకి ఎక్కించడం. ఆ రాత్రి అదంతా ఆగిపోయింది. హాల్లోనే ఉన్న అరియానా తల్లి జోన్, భయంతో దిక్కు తోచని కొందరు పిల్లల్ని తనతో వేదిక వెనక్కి తీసుకెళ్లింది.

ఇక్కడ నాకు కోపం వచ్చే సంగతి ఒకటి ఉంది. దాన్ని దాటేసి పాట దగ్గరికి వెళ్లలేను. మొదటి పారామెడిక్ సిటీ రూమ్‌లో కాలుపెట్టడానికి 19 నిమిషాలు పట్టింది. మొత్తమ్మీద ఆ హాల్లోకి వెళ్లిన పారామెడిక్‌లు ముగ్గురే. అగ్నిమాపక దళం రెండు గంటలు దాటాక వచ్చింది. ఇంకో దాడి జరుగుతుందేమోనన్న భయం, విభాగాల మధ్య కబురు అందకపోవడం అందుకు కారణాలు. ఈలోగా గాయపడ్డవాళ్లను మోసింది ఎవరు? అక్కడున్న మామూలు మనుషులు, పోలీసులు, అరీనా సిబ్బంది. స్ట్రెచర్లు లేక ప్రకటన బోర్డులు, ఇనుప బారికేడ్లు, బల్లలు తెచ్చి వాటి మీద పడుకోబెట్టి కిందికి దించారు. రిటైర్డ్ జడ్జి సర్ జాన్ సాండర్స్ జరిపిన బహిరంగ విచారణ ఇదంతా మూడు సంపుటాల్లో రాసిపెట్టింది. 2021లో వచ్చిన మొదటి సంపుటి భద్రతా లోపాల్ని, 2022లో వచ్చిన రెండోది ఈ ఆలస్యాన్ని ఎత్తిచూపాయి. వేళకు సరైన సాయం అంది ఉంటే ఒకరు బహుశా బతికేవారని విచారణ తేల్చింది. ఆ ఒక్కరూ ఎవరింటి మనిషో తలుచుకుంటే ఆ పేజీ ముందుకు తిప్పబుద్ధి కాదు.

2007 ఆగస్టు 25 సాయంత్రం బాంబు పేలుళ్లలో, లుంబినీ పార్కులో లేజర్ షో చూస్తూ కూర్చున్నవాళ్లను, కోఠీ గోకుల్ చాట్ దగ్గర ప్లేటు చేతబట్టుకుని నిలబడ్డవాళ్లను పోగొట్టుకున్న హైదరాబాద్‌కు ఈ దుఃఖం కొత్తది కాదు. ఆ రోజు పార్కులో చనిపోయిన వారిలో మహారాష్ట్ర నుంచి వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు. సరదాగా నాలుగు ఘడియలు గడుపుదామని బయటికొచ్చిన మనుషులు వాళ్లు. మాంచెస్టర్ పిల్లలూ అంతే.

ఆ రాత్రి మాంచెస్టర్ ఊరు నిద్రపోలేదు. టాక్సీ డ్రైవర్లు మీటర్లు ఆపేసి పిల్లల్ని ఇళ్లకు చేర్చారు. తల్లిదండ్రులు కనబడక ఏడుస్తున్న వాళ్లను హోటళ్లు లోపలికి తీసుకున్నాయి. గురుద్వారాలు తలుపులు తెరిచి, తిండీ పడకా ఉన్నాయి రమ్మని కబురు పెట్టాయి. మూడు రోజుల తర్వాత సెయింట్ ఆన్స్ స్క్వేర్‌లో పూలగుత్తుల మధ్య ఒక నిమిషం మౌనం పాటించారు. అది ముగియగానే జనంలోంచి ఒక స్త్రీ, ఆ ఊరి బ్యాండ్ ఒయాసిస్ పాట ఒకటి అందుకుంది. క్షణాల్లో అక్కడున్నవాళ్లందరూ ఆమెతో గొంతు కలిపారు.

అరియానా అప్పటికే ఇంటికి, ఫ్లోరిడాకు వెళ్లిపోయింది. తన తప్పు ఏమీ లేకపోయినా, ఘటన జరిగిన కొద్ది గంటలకే ట్విటర్‌లో క్షమాపణ చెప్పుకుంది, మాటలు రావడం లేదని రాసింది. తన పాట వినడానికి వచ్చి పిల్లలు చనిపోతే, ఆ పాట మళ్లీ నోట పలకడం ఎంత కష్టం! లండన్ షోలతో సహా జూన్ 5 వరకు ఉన్న కచేరీలన్నీ రద్దయ్యాయి. టూర్ మొత్తం అక్కడితో ఆపేసినా ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు.

మే 26న ఆమె నుంచి ఉత్తరం వచ్చింది. మాంచెస్టర్‌కు తిరిగి వస్తాను, బాధితుల కుటుంబాల కోసం పాడతాను అని. తర్వాత ప్రకటించిన తేదీ జూన్ 4. అంటే ఘోరం జరిగిన పదమూడు రోజులకే.

వేదిక ఓల్డ్ ట్రాఫర్డ్ క్రికెట్ మైదానం. మన క్రికెట్ అభిమానులకు బాగా తెలిసిన గడ్డ. 1990లో పదిహేడేళ్ల సచిన్ తొలి టెస్టు సెంచరీ కొట్టింది అక్కడే. మే 22న అరీనాలో ఉన్నవాళ్లకు టికెట్టు ఉచితం అన్నారు. మిగతావి అమ్మకానికి పెడితే నిమిషాల్లో అయిపోయాయి. జూన్ 2న అరియానా పిల్లల ఆసుపత్రికి వెళ్లి, గాయాలతో మంచాల మీద ఉన్న అమ్మాయిల పక్కన కూర్చుంది.

జూన్ 3 రాత్రి లండన్ బ్రిడ్జి మీద ఇంకో దాడి జరిగింది. 8 మంది చనిపోయారు. తెల్లవారితే కచేరీ. రద్దు చేస్తారనే చాలామంది అనుకున్నారు. నిర్వాహకులు చేయలేదు. జనమూ ఆగలేదు. తమ పిల్లల చేతులు పట్టుకుని 50 వేల మందికి పైగా వచ్చారు. ఆ తల్లిదండ్రుల గుండెనిబ్బరం గురించి పత్రికలు రాయాల్సినంత రాయలేదని నా అభిప్రాయం. ముందు రాత్రి వార్తలు చూసి కూడా పిల్లకు జడ వేసి, బయల్దేరదీసి, గుంపులోకి తీసుకురావడం మాటలు కాదు.

మౌనంతో మొదలైంది. కోల్డ్‌ప్లే, కేటీ పెర్రీ, జస్టిన్ బీబర్, మైలీ సైరస్, ఫారెల్ విలియమ్స్, ఆ ఊరివాడే అయిన లియామ్ గాలగర్ వచ్చి పాడారు. వేదికంతా విషాద గీతాలతో నింపుదామని అరియానా మొదట అనుకుందట. కచేరీకి కొద్ది రోజుల ముందు, చనిపోయిన ఒక 15 ఏళ్ల అమ్మాయి తల్లిని కలిశాక ఆ ఆలోచన మారిపోయింది. మా పిల్ల ఉంటే నువ్వు ఏడవాలని కోరుకోదు, నీ హిట్ పాటలే వినాలనుకుంటుంది అని ఆ తల్లి చెప్పిందట. ఈ సంగతి అరియానాయే వేదిక మీద చెప్పింది. పాటల వరుస మొత్తం మార్చేసింది. అందుకే ఆ సాయంత్రం సంతాప సభలా సాగలేదు. పిల్లలు గెంతారు. పోలీసులు పిల్లలతో కలిసి చిందులేశారు. స్థానిక బడి పిల్లల బృందగానంలో ముందు నిలబడి పాడుతున్న అమ్మాయికి గొంతు పూడుకుపోతే, అరియానా ఆమె చేయి పట్టుకుని పాట పూర్తి చేయించింది. బీబీసీలో ఒక దశలో కోటీ నలభై లక్షలకు పైగా జనం చూశారు. బాధితుల సహాయ నిధి కోటి పౌండ్లు దాటింది.

జూన్ 7న పారిస్‌లో టూర్ మళ్లీ మొదలైంది. లిస్బన్, రోమ్, దక్షిణ అమెరికా, జపాన్ మీదుగా సాగి సెప్టెంబర్ 21న హాంకాంగ్‌లో పూర్తయింది. మధ్యలో మాంచెస్టర్ నగరం ఆమెకు గౌరవ పౌరసత్వం ఇచ్చింది. మరుసటి ఏడాది ఒక ఇంటర్వ్యూలో, ఆ దుఃఖం తనను ఇంకా వదల్లేదని చెప్పుకుంది. 2018 ఆగస్టులో వచ్చిన 'స్వీటెనర్' ఆల్బమ్ చివరి పాటకు తోకగా కొన్ని క్షణాల నిశ్శబ్దం ఉంచింది. దాంతో ఆ పాట నిడివి 5 నిమిషాల 22 సెకన్లు అయింది. అమెరికా పద్ధతిలో మే 22ను రాసేదీ అలాగే.

మాంచెస్టర్‌లో 29 ఏళ్ల కొడుకు మార్టిన్‌ను పోగొట్టుకున్న ఫిగెన్ మర్రే ఏళ్ల తరబడి ప్రభుత్వాల తలుపులు తట్టింది. 2024లో మాంచెస్టర్ నుంచి లండన్‌కు కాలినడకన వెళ్లింది. 200 మంది, ఆపైన జనం చేరే చోట్ల దాడి జరిగితే ఏం చేయాలో ముందే సిద్ధం చేసుకోవాలనే చట్టానికి 2025 ఏప్రిల్ 3న ఆమోదముద్ర పడింది. జనం దాన్ని మార్టిన్ చట్టం అంటారు. మన దగ్గర సినిమా ఫంక్షన్లకు, జాతరలకు, మైదానాలకు జనాన్ని పోగుచేసేవాళ్లు చదవాల్సిన చట్టమది.

అరియానా 2019 ఆగస్టు 25న మళ్లీ మాంచెస్టర్ వచ్చింది. ప్రైడ్ ఉత్సవంలో, కొత్త పాటలతో. ఈసారి అది బాధితుల నిధి కోసం పెట్టిన కచేరీ కాదు. టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లు పాడమన్న పాటలు, ఒక పాప్ గాయని వచ్చి పాడి వెళ్లింది.